కంచు మనిషి కడుపులో ఏముంది?

మా వీధిలో ఏడో తరగతి చదివే కుర్రాడొకడు వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్లొచ్చాడు. చింతలపూడి బస్టాండులో దిగి, సంచీ ఇంట్లో పడేసి, నేరుగా మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. చార్మినారు గురించి చెబుతాడనుకున్నాను. వాడి మనసంతా హుసేన్‌సాగర్ ఒడ్డున నిలబడ్డ అంబేద్కర్ విగ్రహం మీదే ఉంది.

"మాస్టారూ, అదంతా కంచేనటండీ! లోపల కూడా కంచేనా? అంత కంచు ఎక్కణ్ణించి తెచ్చారండీ?"

లోపల కంచు లేదురా, బోలు అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. "అయితే డొల్లేనా!" అన్నాడు.

డొల్ల అనే మాటను మనం తిట్టుగానే వాడతాం. మాట డొల్ల, లెక్క డొల్ల, మనిషి డొల్ల. కంచు విగ్రహం సంగతి వేరు. అక్కడ డొల్లతనమే అసలు పనితనం. నాలుగు వేల ఏళ్లకు పైగా పోతపని వాళ్లు నేర్చుకుంటూ వచ్చిన విద్యంతా ఆ ఖాళీని ఎలా సాధించాలన్నదే. ఆ కుర్రాడికి ఆ పూట చెప్పిన దానికి మరికొంత చేర్చి ఈ అధ్యాయం రాస్తున్నాను.

జాడీ లెక్క

ముందు ఇంట్లో ఆవకాయ జాడీ ఒకటి తీసుకుందాం. ఎత్తూ, వెడల్పూ, మందం అన్నీ రెండింతలుండే జాడీ ఇంకోటి చేయించామనుకోండి. దానికి పైన రంగు వేయాలంటే మొదటి జాడీకి పట్టిన దానికి నాలుగింతలు పడుతుంది. లోపల పట్టే ఆవకాయ మాత్రం ఎనిమిదింతలు. ఎత్తు మూడింతలైతే రంగు తొమ్మిదింతలు, ఆవకాయ ఇరవై ఏడింతలు. పై తొడుగు పెరిగే తీరు ఒకటి, లోపలి సరుకు పెరిగే తీరు ఇంకొకటి. వస్తువు పెద్దదయ్యేకొద్దీ లోపలిది పైదాన్ని మించి పరుగెడుతుంది.

ఇప్పుడు హైదరాబాదు విగ్రహం సంగతి చూద్దాం. అది 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరణ అయింది. పీఠం కాక మనిషి ఎత్తు 125 అడుగులు. అంటే ఆరడుగుల మనిషికి దాదాపు 21 రెట్లు. 70 కిలోల మనిషి ఒళ్లు సుమారు 70 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ మనిషిని అంతెత్తుకు పెంచితే ఆ చోటు 9 వేల రెట్లు దాటుతుంది. కంచు లీటరుకు 8.8 కిలోలు తూగుతుంది. లోపలా బయటా గట్టిగా కంచే పోస్తే ఆ విగ్రహం ఐదున్నర వేల టన్నులు తూగేది. పది టన్నుల లారీలు 550.

నిజంగా వాడిన కంచు 114 టన్నులు. పన్నెండు లారీల సరుకు.

ఆ 114 టన్నుల కంచును అంత పెద్ద మనిషి ఒంటి మీద సమంగా పరిస్తే మందం ఎంత ఉంటుందా అని కాగితం మీద లెక్క వేశాను. సగటున ఒకటిన్నర సెంటీమీటరు వచ్చింది, అంటే చిటికెన వేలి వెడల్పు. కోటు మడతలను కూడా లెక్కలోకి తెస్తే ఇంకా పల్చన. ఆ కొలతను తిరిగి ఆరడుగుల మనిషికి కుదిస్తే ముప్పాతిక మిల్లీమీటరు. మన ఒంటి చర్మమే రమారమి రెండు మిల్లీమీటర్లుంటుంది. అంటే ఆ మహాకాయుడి కంచు చర్మం, ఎత్తుతో పోల్చి చూస్తే, మన చర్మం కంటే పల్చన! ఈ లెక్క తేలిన రోజున నాకు నిద్ర సరిగా పట్టలేదు.

అంత పల్చటి తొడుగు తనంతట తాను నిలబడలేదు. దాన్ని మోసేది లోపలి ఎముకల గూడు. అక్కడ 360 టన్నుల స్టెయిన్‌లెస్ స్టీలు ఉంది. గాలివాన వచ్చినప్పుడు ఆ 125 అడుగుల మనిషి కోటు ఓడ తెరచాపలా గాలిని పడుతుంది. ఆ తోపును కంచు పలకలు గూటికి అందిస్తాయి, గూడు పీఠానికి అందిస్తుంది, పీఠం నేలలోకి దించుతుంది. మన ఒంట్లోనూ బరువు మోసేవి ఎముకలే గదా, చర్మం కాదు.

వడ్రంగి ఇంటి పిల్లవాడు

ఈ విగ్రహానికి రూపమిచ్చిన శిల్పి రామ్ వాంజీ సుతార్. మహారాష్ట్రలో ధూళే జిల్లా గోందూర్ అనే పల్లెలో 1925 ఫిబ్రవరి 19న పుట్టారు. సుతార్ అంటే మరాఠీలో వడ్రంగి. తండ్రి చేసిందీ ఆ పనే. ఇంట్లో కలిమి లేదు. కుర్రవాడి చేతిలో ఏదో ఉందని ముందు గుర్తించింది శ్రీరామ్ కృష్ణ జోషి అనే గురువు. ఆయనే చేరదీసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపించారు. 1953లో అక్కడ బొమ్మ మలచడంలో మేయో బంగారు పతకం సుతార్‌కు దక్కింది.

ఆ తర్వాత ఆయన చేసిన ఉద్యోగం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడుతుంది. 1954 నుంచి 1958 వరకు పురావస్తు శాఖలో చేరి అజంతా, ఎల్లోరాల్లో దెబ్బతిన్న శిల్పాలను బాగుచేసే పని చూశారు. మనకు అటువంటి చోటు పక్కనే ఉంది. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలకు వెళ్లినవాళ్లు కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం చూసే ఉంటారు. రాతి గూటిలో కర్ర ఇంటి వాసాలను చెక్కి చూపించాడు ఆ పనివాడు. రాతిపని తీసివేత లెక్క. అక్కర్లేనిది తీసేస్తే మిగిలిందే బొమ్మ, ఒకసారి ఎగిరిన పెచ్చు మళ్లీ అతకదు. మట్టిపని కూడిక. చాలకపోతే ఇంకో ముద్ద పెట్టొచ్చు, ఎక్కువైతే గీకేయొచ్చు. ఎల్లోరా రాయి దగ్గర నాలుగేళ్లు గడిపినవాడికి తీసివేత ఒంటపట్టింది. తర్వాత బతుకంతా ఎక్కువగా మట్టితో కూడికలు చేశాడు.

1959 నాటికి ప్రభుత్వోద్యోగం వదిలేసి సొంతంగా పని మొదలుపెట్టారు. మధ్యప్రదేశ్‌లో గాంధీసాగర్ ఆనకట్ట దగ్గర 45 అడుగుల చంబల్ తల్లి విగ్రహం ఆయనకు పేరు తెచ్చింది. ఇద్దరు కొడుకులు ఆ తల్లిని అంటిపెట్టుకుని ఉంటారు, ఒకడు మధ్యప్రదేశ్, ఇంకొకడు రాజస్థాన్. అది కంచు కాదు, కాంక్రీటు దిమ్మను ఉలితో చెక్కింది. పార్లమెంటు ఆవరణలో ధ్యానంలో కూర్చున్న 16 అడుగుల కంచు గాంధీ 1993 నాటిది. ఆయన మలచిన గాంధీ తలబొమ్మలు ఎన్నో దేశాలకు వెళ్లాయి. 2018లో గుజరాత్ కేవడియాలో 182 మీటర్ల సర్దార్ పటేల్, 2022లో బెంగళూరు విమానాశ్రయం దగ్గర 108 అడుగుల కెంపేగౌడ, ఆ మరుసటి ఏడు మన హైదరాబాదు అంబేద్కర్. ఈ మూడూ లేచేనాటికి ఆయన తొంభై దాటినవారు. కొడుకు అనిల్ పక్కన నిలబడి పనిచేశారు. 1999లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్. నూరేళ్లు నిండిన సంవత్సరంలోనే, 2025 డిసెంబరులో వెళ్లిపోయారు.

కంచు శిల్పి అని ఆయన్ని పిలుస్తాం. అయితే ఆ బతుకులో ఆయన వేళ్లు రోజూ నలిపింది మట్టిని. కరిగిన కంచును ఎవరూ వేళ్లతో మలచలేరు. మీరు ఎక్కడైనా కంచు విగ్రహం దగ్గరగా చూసే వీలుంటే చొక్కా మడత దగ్గరో, చెవి వెనకో పరీక్షగా చూడండి. బొటనవేలితో మట్టి నొక్కి లాగిన గీత కనబడవచ్చు. మట్టిలో పడిన ఆ నొక్కు అచ్చులోకి, అచ్చులోంచి మైనంలోకి, మైనంలోంచి కంచులోకి చెక్కుచెదరకుండా నడిచి వస్తుంది. ఆ ప్రయాణం ఎలా సాగుతుందో ఇప్పుడు చూద్దాం.

పూర్ణం తీసేసిన బూరె

మట్టి బొమ్మ ముందు ఇనుప ఊచల గూడు మీద లేస్తుంది. తడిగుడ్డలు కప్పి, పైన పాలిథిన్ చుట్టి, రోజూ నీళ్లు చిలకరిస్తూ దాన్ని కాపాడుకోవాలి. వేసవిలో మన చెరువులో నెర్రెలు విచ్చినట్టే, ఆరితే బొమ్మా విచ్చుతుంది. పూర్తయ్యాక దాని మీద ప్లాస్టర్‌తోనో, రబ్బరుతోనో అచ్చు తీస్తారు. అచ్చు వచ్చేశాక మట్టి బొమ్మతో పనిలేదు. దాన్ని పగలగొట్టి నానబెడతారు. నిన్న ఒకరి భుజంగా ఉన్న మట్టి రేపు ఇంకొకరి నుదురవుతుంది.

అచ్చు లోపలి గోడకు కరిగిన మైనాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల మందాన పూస్తారు. మైనం మధ్య మిగిలిన ఖాళీలో మట్టి, ఇసుక కలిపిన గట్టి ముద్ద నింపుతారు. అచ్చు విప్పితే లోపల ముద్ద, పైన పల్చటి మైనపు తొడుగు. మన పూర్ణం బూరె లాగే. ఆ బూరె మీద మళ్లీ మెత్తటి మట్టి పూత, దానిపైన మోటు మట్టి పూత వేసి ఆరనిచ్చి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. అది వెళ్లిపోయిన చోట సన్నటి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కంచు వస్తుంది. చల్లారాక పై మట్టి కొట్టేసి, లోపలి పూర్ణం తవ్వేస్తే మిగిలేది బూరె తోపు మాత్రమే.

సంస్కృతంలో దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నారు. తేనె తీసుకోగా మిగిలిన ఎంగిలి, అంటే మైనం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అనే గ్రంథంలో ఈ పద్ధతిని వివరించాడు. అందులో ఒక కొలత ఉంది. మైనపు బొమ్మను ముందు తూచాలి. రాగి, ఇత్తడి అయితే ఆ తూకానికి ఎనిమిది రెట్లు, వెండి అయితే పన్నెండు, బంగారమైతే పదహారు రెట్లు లోహం సిద్ధం చేసుకోవాలి. మైనం నీళ్లకంటే కొంచెం తేలిక, రాగి, ఇత్తడి లాంటివి నీళ్లకంటే ఎనిమిది, తొమ్మిది రెట్లు బరువు. సాంద్రత అనే మాట పాఠ్యపుస్తకాల్లో చేరకముందే తక్కెడ పట్టుకున్న పనివాడు దాని అంతు చూశాడు.

లోపలి పూర్ణం గురించి ఒక చిక్కుంది. మైనం పోయిన క్షణం నుంచి కంచు వచ్చేదాకా ఆ ముద్ద గాలిలో వేలాడుతున్నట్టే లెక్క. దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. అందుకని ముందే మైనం గుండా మేకులు గుచ్చి బయటి మట్టికీ లోపలి ముద్దకీ లంకె వేస్తారు. పోత అయ్యాక ఆ మేకులు తీసి, కంతల్లో చిన్న బిళ్లలు అతికి, ఆకురాయితో సమం చేస్తారు. పాత విగ్రహాల మీద అక్కడక్కడ గోరంత చదరపు మచ్చలు కనబడితే అవి అవే.

ఇంకో చిక్కు గాలి. నూనె డబ్బాకు ఒక్క కంత పెడితే నూనె గళగళమంటూ ఆగి ఆగి వస్తుంది. రెండో కంత పెడితే ధారగా వస్తుంది. అచ్చు కూడా అంతే. కంచు లోపలికి వెళ్లాలంటే లోపలి గాలి బయటికి రావాలి. అందుకే మైనపు బొమ్మకు మైనపు గొట్టాలు అతికిస్తారు. కొన్ని కంచు రావడానికి, కొన్ని గాలి పోవడానికి. అప్పుడు ఆ బొమ్మ వేళ్లతో సహా పీకిన మొక్కలా ఉంటుంది.

ఒకసారి నేను చిన్న పోత దగ్గరుండి చూశాను. రేకుల షెడ్డు, నేలలో పాతిన అచ్చు, పైకి మూడు కంతలు. మూసలో కంచు ముదురు నారింజ రంగులో ఉంది. పైన తేలిన తెట్టును పెద్దాయన పొడుగు గరిటెతో పక్కకు తీస్తే అద్దంలాంటి లోహం కనబడింది. "ఇప్పుడు మాటలొద్దు" అన్నాడాయన. ఇద్దరు పట్టకార్లతో మూస ఎత్తి వంచారు. ధార తెగకూడదు, తెగితే అక్కడ అతుకుబడని గీత పడిపోతుంది. అందరి కళ్లూ పోసే కంత మీద కాదు, పక్కనున్న గాలి కంతల మీద ఉన్నాయి. పదిహేను సెకన్లు గడిచాక వాటిలో ఒకదాని అంచున ఎర్రటి చుక్క మెరిసింది, తర్వాత రెండోది. పెద్దాయన చెయ్యెత్తాడు. లోపల మూలమూలకూ కంచు చేరిందనడానికి అదొక్కటే సాక్ష్యం. ఆ చుక్క కనబడకపోతే నెలల పని మట్టిపాలే.

మరి గట్టిగా పోసేస్తే ఈ అవస్థలన్నీ తప్పేవి గదా అని అడగొచ్చు. ఖర్చు, బరువు అలా ఉంచండి. దిబ్బరొట్టె వేసేటప్పుడు మంట పెద్దదైతే ఏమవుతుంది? పైన మాడుతుంది, లోపల పచ్చి. మందపాటి కంచు చల్లారేటప్పుడు దీనికి తిరగబడ్డ చిక్కు. పైన ముందు గడ్డ కడుతుంది, లోపల ఇంకా ద్రవమే. లోపలిది తర్వాత గడ్డ కడుతూ కుంచించుకుపోయి గుల్లలు వదులుతుంది, పైభాగాన్ని లోపలికి లాగి గుంట పెడుతుంది, లేదా పగుల్చుతుంది. ముక్కు మందంగా, బుగ్గ పల్చగా ఉన్నా కష్టమే. అంతటా ఒకే మందం ఉంటే అంతా ఒకేసారి చల్లారుతుంది. డొల్లగా చేయడం పొదుపు కోసమే అనుకుంటాం. ముఖం ముఖంలా మిగలడానికి కూడా అదే దారి.

గట్టిపడ్డాక చల్లారేటప్పుడు కూడా కంచు నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుంటుంది. ఆరడుగుల బొమ్మ అంగుళం తగ్గిపోతుంది. అందుకని శిల్పి మట్టి బొమ్మనే ఆ మేరకు పెద్దదిగా చేస్తాడు.

కంచంలో కంచు, విగ్రహంలో కంచు

తణుకు దగ్గర అజ్జరం పేరు మన జిల్లాల్లో తెలియనివారుండరు. ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, గుడి గంటలు చేసే కంచరుల ఊరు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఇత్తడి చెంబు కింద పడితే సొట్ట పడుతుంది, కంచు గిన్నె పడితే పగులుతుంది. రెండింటిలోనూ రాగే ఎక్కువ. ఇత్తడిలో దానికి జింకు తోడైతే, కంచులో తగరం తోడవుతుంది.

రాగి పరమాణువులు వరసగా పేర్చిన గోలీల్లాంటివి. గట్టిగా నొక్కితే ఒక వరస ఇంకో వరస మీద జారుతుంది. అందుకే రాగి తీగ సులువుగా వంగుతుంది. గోలీల మధ్య అక్కడక్కడ నిమ్మకాయ ఇరికిస్తే వరసలు జారవు. తగరపు పరమాణువు ఆ నిమ్మకాయ. పది పాళ్లు తగరం కలిస్తే గట్టి కంచు. ఇరవై రెండు పాళ్లకు చేరితే అసలు జారుడే ఉండదు, కొడితే ఆ అదురు లోపల అణగకుండా చాలాసేపు తిరుగుతుంది. అదే గంట మోత. కంచు కంఠం అనే మాట మనకు వచ్చింది ఆ గంట కంచు నుంచే. జారడం చేతకాదు కాబట్టే అది పగులుతుంది కూడా.

విగ్రహం మోగనక్కర్లేదు. అది ధారగా పారాలి, ఉలికి లొంగాలి, అతుకు పట్టాలి. అందుకని విగ్రహాలకు ఎక్కువగా వాడేది నూటికి 85 పాళ్లు రాగి, తగరం, జింకు, సీసం తలో ఐదు పాళ్లు. తగరం బలమిస్తుంది. జింకు, కరిగిన లోహంలో చేరిన ఆక్సిజన్‌ను తాను పట్టుకుని బుడగలు రాకుండా చూస్తుంది. సీసం ఆకురాయి కింద లోహాన్ని మెత్తబరుస్తుంది. ఇంకో లాభం, ఉత్త రాగి కరగాలంటే 1,085 డిగ్రీల వేడి కావాలి, తోడు లోహాలు చేరితే అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది.

పెద్ద విగ్రహాన్ని ఒక్క పోతలో ఎవరూ పోయరు. వందల పలకలుగా పోసి, వెల్డింగుతో అతికి, అతుకు కనబడకుండా చెక్కి, లారీల్లో తీసుకెళ్లి గూటికి బిగిస్తారు. అంబేద్కర్ విగ్రహం భాగాలు నోయిడాలోని సుతార్ల పనిశాలలో తయారై హైదరాబాదు వచ్చాయి. పటేల్ విగ్రహం పలకలను మాత్రం చైనాలో పోయించారు. భీమవరంలో 2022 జులై 4న ఆవిష్కరించిన అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం 30 అడుగులు. జాడీ లెక్క ప్రకారం ఆరడుగుల బొమ్మకు దాని తొడుగు 25 రెట్లు. గట్టిగా పోసి ఉంటే 125 రెట్ల కంచు పట్టేది.

మట్టి గుర్తులు కంచులో ఎలా నిలుస్తాయో చూడాలంటే, మద్రాసు వెళ్లినప్పుడు మెరీనాలో నలుగురు కూలీలు బండను కదిలిస్తున్న కంచు శిల్పం చూడండి. 1959 నాటిది. దేవీప్రసాద్ రాయ్ చౌధురిది. 1929 నుంచి 1957 దాకా మద్రాసు లలితకళా కళాశాలను నడిపినాయన. వీపు కండరాల మీద మట్టి ముద్దలు పెట్టిన గుర్తులను నునుపు చేయకుండా వదిలేశాడు. ఆ గరుకుదనంలోనే ఆ మనుషుల శ్రమ తెలుస్తుంది. నునుపు చేసి ఉంటే చచ్చిపోయేది.

చింతపండు పెట్టకండి

మన ఊరి పేరులోనే చింత ఉంది కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పక తప్పదు. కంచు చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. చింతపండులోని పులుపు, పైన పట్టిన నల్లటి పొరను కరిగించి తీసేస్తుంది. జయంతికో, వర్ధంతికో ముందురోజు కంచు విగ్రహాన్ని కూడా అలా తోమే వాళ్లున్నారు. వాళ్ల భక్తిని శంకించను. చేసేది మాత్రం విగ్రహానికి హాని.

విగ్రహం మీది గోధుమరంగు మురికి కాదు. కంచును మంటతో వేడిచేస్తూ రసాయనాలు పూసి శిల్పి కావాలని తెప్పించిన పొర అది. కళ్ల గుంటల్లో నలుపు, నుదుటిపై వెలుగు ఆయన ఎంచుకున్నవే. ఆ పొర కింది కంచును గాలి నుంచి, తేమ నుంచి కాస్తుంది. కాలం గడిచేకొద్దీ వచ్చే పచ్చటి చిలుము కూడా, స్థిరంగా పట్టినదైతే, కాపుదలే. తోమిన ప్రతిసారీ కొత్త లోహం బయటపడి మళ్లీ తుప్పుకు మేత అవుతుంది. ఏడాదికి వెంట్రుక వాసి చొప్పున శిల్పి వేలిగుర్తు కరిగిపోతుంది.

మెడలో వేసిన తడి పూలదండను రోజుల తరబడి వదిలేయడం, పక్షుల రెట్ట కడగకపోవడం కూడా తప్పులే. రెట్టలో ఆమ్లం ఉంటుంది. కొల్లేటి వైపు ఆటపాకలో గూడబాతులు వాలే చెట్ల ఆకులు తెల్లబడడం చూసినవాళ్లకు దాని సత్తా తెలుసు. మంచినీళ్లు, మెత్తటి గుడ్డ, ఆరాక పల్చగా మైనం పూత, అంతే చాలు. విగ్రహం పుట్టుకలో కరిగి పోయిన మైనమే చివరికి దాన్ని కాపాడడానికి తిరిగి వస్తుంది.

ఇదంతా విన్నాక కుర్రాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లోపల ఖాళీ ఉందంటే, లోపలికి వెళ్లొచ్చా అండీ?" అన్నాడు.

కేవడియాలో వెళ్లొచ్చని చెప్పాను. పటేల్ విగ్రహం లోపల లిఫ్టు ఉంది. చాలా ఎత్తున, ఆయన గుండె దగ్గర ఆపుతుంది. పంచె కట్టుకుని శాలువా కప్పుకున్న ఆ కంచు ఛాతీకి సన్నటి సందులున్నాయి. వాటిలోంచి చూస్తే కింద నర్మదా, అవతల ఆనకట్ట కనబడతాయి. ఒకేసారి రెండు వందల మంది నిలబడేంత చోటు, అంతా ఆ డొల్లలోనే.